గీత ఉన్న తీగ

సిలార్ మామకు ఎరుపు తెలియదు.
పుట్టుకతోనే అంతట.
గుంటూరులో, అదీ లాలాపేటలో,
ఎరుపు తెలియని మనిషి!
పండు మిరపా పచ్చి మిరపా ఆయన కంటికి ఒకటే,
కొరికాకే తేడా.

అందుకని తీగను చూడడు, తడుముతాడు.
జంట తీగలో ఒకదాని వీపు మీద
వెంట్రుకంత గీత లేచి ఉంటుంది.
బొటనవేలి గోరు దాని వెంబడి నడిపించి
"ఇదీ ప్లస్సు" అంటాడు.
కరెంటు పోయినా ఆయన పని ఆగదు.
మాకే కొవ్వొత్తి కావాలి.

నాకప్పుడు పద్నాలుగేళ్లు.
బడి వదిలాక ఆ కొట్లో టంకం పెట్టడం నేర్చుకునేదాన్ని.
ఇంటికెళ్తే జడలో గుగ్గిలం పొగ వాసన,
అమ్మ తల దువ్వుతూ తిట్టేది.

ఒక సాయంత్రం పున్నారావు గారు రిక్షా దిగారు,
మిర్చి యార్డులో టిక్కీల లెక్క రాసే ఆయన.
వెనకాల రెండు పెట్టెలు,
ఒక్కోటి నా నడుమెత్తు.
"పాటలో మనిషి లేడు సిలారూ.
తబలా ఉంది, వయొలిన్ ఉంది,
పాడేవాడే ఎక్కడో పక్కింట్లో ఉన్నాడు.
మొదట్నించీ అంతే. మొన్న మా తోడల్లుడొచ్చి
ఇదేం పాట బావా అనేదాకా
పాటంటే అదేననుకున్నా."

జాలీ విప్పి ఉఫ్‌మని ఊదాను.
అంతే, ముగ్గురం తుమ్ములు.
కోను మడతల్లో పదకొండేళ్ల మిరపపొడి,
ఆయన చొక్కాతో పాటు ఇంటికి చేరింది.

మామ టార్చి లైటులోంచి సెల్లు తీశాడు.
వెనకున్న మరలకు తాకించాడు.
టప్.
ఎడమ కోను ముందుకొచ్చింది,
పిలిస్తే గుమ్మంలోకొచ్చిన మనిషిలా.
టప్.
కుడిది వెనక్కి పోయింది,
ముట్టుకున్న నత్తలా.

"చూడు జాన్‌బీ.
ఇది తోస్తుంటే అది లాక్కుంటోంది.
రెండూ ఒళ్లు దాచుకోకుండా పని చేస్తున్నాయి పాపం.
నడుమ గాలికి మాత్రం ఏమీ దక్కడం లేదు."

"రెండూ తిరగేస్తేనో మామా?"

"రెండూ తప్పైతే ఒప్పే.
ఒక్కటి తప్పితేనే తంటా."

కుడి పెట్టె విప్పాడు.
లోపల టంకం బొట్లు రెండు,
చింతగింజల్లా, ఒక పక్కకు వాలి.
మామ వాటిని వేలితో తాకాడు.
మళ్లీ తాకాడు.
ఆ వాలు ఎవరి చేతిదో నాకూ తెలుసు,
రోజూ చూస్తున్నదే.

పదకొండేళ్ల కిందట
ఆయనింకా కళ్లతో పని చేసేవాడన్నమాట.
ఎరుపు తెలిసినట్టే నటించేవాడన్నమాట.

ఏమీ అనలేదు. కుంపటి కాల్చే కడ్డీలా
ఎర్రబడ్డ ఐరను నా చేతికిచ్చి
"నువ్వు పెట్టు" అన్నాడు.
డబ్బులు తీసుకోలేదు.
పున్నారావు గారు రెండుసార్లు బల్ల మీద పెట్టారు,
రెండుసార్లు ఆయన జేబులోకే వెళ్లాయి.

అయిదో రోజున పెట్టెలు మళ్లీ రిక్షా దిగాయి.

"బ్రహ్మాండంగా ఉంది, కాదనను.
కానీ వాడు సరిగ్గా గది నడుమ నిలబడి పాడుతున్నాడయ్యా.
మా ఆవిడ అన్నం వడ్డిస్తూ
వాణ్ని తప్పుకుని నడుస్తోంది.
నాకూ అదోలా ఉంది,
ఇంట్లో ఎవరో కొత్తవాడు దిగినట్టు.
పాతలాగే చేసి పెట్టు."

మామ చాలాసేపు
ఉత్త తీగ ముక్కను గోటితో రాస్తూ కూర్చున్నాడు.
"తెలియక చేసింది తెలిసి చెయ్యమంటే
నా చెయ్యి రాదు బాబూ"
అని లేచి టీకి వెళ్లిపోయాడు.

నేనే చేశాను.
గీత ఉన్న తీగను మైనస్సుకు,
గీత లేనిదాన్ని ప్లస్సుకు,
గోటితో ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ.

అంత గుండ్రంగా, అంత తళతళా
టంకం బొట్టు
నా చేతినుంచి మళ్లీ పడలేదు.