అంగుళానికి అరగంట

మిన్యాలో మా కుట్టుగదికి ఒకటే కిటికీ,
తెరిస్తే పక్కింటి గోడ.
అందుకే కాబోలు
ఊరు చూడాలంటే మాకు బల్లే దిక్కైంది.

మధ్యాహ్నం మిషన్లు ఆగాక
దెమియానా గోధుమరంగు నమూనా కాగితం పరిచి
నీలం సుద్దతో ఓ వంకర గీత లాగింది.
పాతికేళ్ళుగా చొక్కా చంకలు గీసిన చెయ్యి,
సముద్రతీరం కూడా చంకలాగే వచ్చింది.
"ఇదే అలెగ్జాండ్రియా.
అటు నీళ్ళు, ఇటు మనం."

కొలత నేను పెట్టాను: అంగుళానికి పావుగంట నడక.
ఇన్షిరాహ్ మోకాళ్ళు గుర్తొచ్చి
అరగంటకి మార్చాం.
గీత గీతలాగే ఉంది,
ఊరు మాత్రం రెట్టింపైంది.

రైలు ఏడు గంటలు.
చవక పెట్టెలో వెళ్తే మిగిలే డబ్బుతో చేపలు.
అన్‌ఫూషీలో మంచు మీద పరిచి ఉంటాయట,
మనమే వేలెత్తి చూపాలట,
ఇది, అది, కాదు దాని పక్కది.
నర్గిస్‌కి నోరూరింది, వెంటనే భయమేసింది:
ధర అడక్కుండా వేలెత్తేస్తే?

ఆమెకి గ్రంథాలయం గోడ కూడా కావాలి.
లోపలికి కాదు, టికెట్టు దండగ.
బయటి రాతి మీద
లోకంలో ఉన్న అక్షరాలన్నీ చెక్కారట.
"నాలాంటిదానికి అదే నయం" అంది,
"అక్కడ ఎంత చదివినవాడికైనా సగం రాదు."

దెమియానాకి రెండంతస్తుల ట్రాము, పైన, ముందు సీటు.
ట్రాము ఆపేశారని ఒకరు, నడుస్తోందని ఆమె మరిది.
మూడు రోజులు వాదించుకుని
ఆ చోట గుండుసూది గుచ్చాం.
అనుమానం ఉన్నచోటల్లా గుండుసూదే,
చివరికి ఊరంతా ముళ్ళు.

నేనడిగింది ఒక్క గది.
ఎదురుగా సముద్రమైతే మన వల్ల కాదు,
బాల్కనీలోంచి పక్కకి వంగితే
కాస్త నీలం కనిపించినా చాలు.
ఎవరో ఒకరు నా నడుం పట్టుకుంటారు.

ఇన్షిరాహ్ ఏమీ అడగలేదు.
కాజాలు కుట్టీ కుట్టీ
మాట కూడా కొలిచి వాడుతుంది.
గుచ్చి గుచ్చి అడిగితే అంది:
"మీరు తిరిగి రండి. నాకో కుర్చీ చూపించండి.
ఊరికి వీపు పెట్టి కూర్చుంటాను."

ఆ కుర్చీ ఎక్కడ వెయ్యాలో తెలీలేదు.
గీతకి అవతల మేం ఏమీ గీయలేదు మరి,
ఉత్త కాగితం.
ఆమే ఒడిలోంచి తెల్ల గుండీ తీసి
సరిగ్గా గీత అంచున పెట్టింది.

గురువారం సాయంత్రం అలాగే వదిలి వెళ్ళాం.
శనివారం వచ్చేసరికి
కటింగ్ వహీద్ తెల్లవారకముందే వచ్చేశాడట.
బడి చొక్కాలు, నాలుగు వందలు, అర్జంటు.
కాగితం కనిపించింది, సూదులు పీకి
వెనక్కి తిప్పి పరిచాడు. అంతే.

కట్టలు విప్పుతుంటే
కోట కాలర్లోంచి బయటపడింది.
రైల్వేస్టేషను కుడిచేతి మడత,
ట్రాము దారి రెండు కఫ్‌ల మధ్య తెగింది,
నా గది జేబుకి సరిపోయింది.
సముద్రంలో అడ్డం ఏమీ లేదు కదా,
వెడల్పు దొరికిందని
వీపు ముక్కలన్నీ అందులోంచే తీశాడు.

తిట్టాలనే నోరు తెరిచాం.
దెమియానాకి ముందు నవ్వొచ్చింది.
ఆ తర్వాత వహీద్ ముఖం చూసి
మిగతావాళ్ళకి.

ఇన్షిరాహ్ బల్ల కింద వంగి ఉంది.
మోకాళ్ళు పట్టేస్తాయే, లే, అంటే
లేవదు.
పేలికలు, దారాలు, దుమ్ము తోసుకుంటూ తోసుకుంటూ
గుండీ దొరికాక
నోటితో ఊది కొంగున ముడేసింది.

"టికెట్లు తీయండి" అంది.

"ధర ముందే అడగాలి, అదొక్కటీ రాసుకోండి" అని నర్గిస్.
దేని మీద?
చెయ్యి చాపింది.
అరచేతిలో నీలం సుద్దతో
చేప గీశాను,
రాతకి బదులు.