లాగిన ఇల్లు

అచావో రేవులో వాన మొదలై మూడో రోజు.
లైబ్రరీ తలుపు భుజంతో నెట్టుకుంటూ వచ్చింది దోన్యా నెలిదా,
చంకలో కంప్యూటరు, దాని మీద తడిసిన పిండిసంచీ.
"యాస్నా, ఇది నన్నెరగనంటోంది" అంది,
చేపిన పాలు ఎగబట్టిన ఆవు మీద ఫిర్యాదు చేసినట్టు.

ఉన్నది ఒక్క పట్టిక.
శనివారం ఒతీలియా ఇల్లు కదలాలి,
అలలు కోస్తున్న ఒడ్డు నుంచి చర్చి వెనక మిట్టకి.
ఎవరివి ఎద్దులు, ఎవరివి తాళ్ళు, దుంగలు,
లాగినవాళ్ళకి దుంపలు ఉడకేసేది ఎవరు.
చదవనిస్తోంది. పైకీ కిందికీ తిప్పనిస్తోంది.
ఒక పేరు చేర్చి భద్రపరచబోతే మాత్రం
ఎర్రగుండ్రం, లోపల అడ్డగీత:
మీకు అనుమతి లేదు.

నాకు తెలిసిన గడపలన్నీ తొక్కాను.
చదవడానికి మాత్రమే అన్న గడిలో టిక్కు లేదు.
ఇంకెక్కడా తెరిచి లేదు.
డిస్కులో చోటుంది, ఓ గొడ్లచావిడంత.
ఆపి, మళ్ళీ వెలిగించి,
ఆమె మాతే కాచుకుని సగం నాకిచ్చేదాకా ఆగి,
మళ్ళీ నొక్కాను.
మీకు అనుమతి లేదు.

అప్పుడు కుడిమీట నొక్కి లోపలికి వెళ్ళి
యజమాని ఎవరని అడిగాను.
మనిషి పేరుండాల్సిన చోట
ఎస్ అక్షరంతో మొదలై తెర అంచు దాటిపోయే అంకెల తోక.
"ఎవరే వీడు?"
"ఎలెవ్తేరియో" అన్నాను.

పదకొండేళ్ళు ఈ పట్టిక రాసింది ఆయనే.
చూపు మందగించాక పాత లాప్‌టాప్ మూలపడింది.
దాని డిస్కు ఊడదీసి కొత్త డబ్బాలో బిగించింది నేనే, పోయిన నెల.
ఇక్కడి యంత్రానికి ఆయన పేరు తెలీదు,
ఆయన వేసిన గడియ మాత్రం తెలుసు.

నెలిదా ఫోను కలిపింది.
"రాసుకోండమ్మా! నా అనుమతేంటి, నా బొంద!"
ఆ కేకకి పిల్లల పుస్తకాల దగ్గర నిద్రపోతున్న పిల్లి లేచి కూర్చుంది.
ఫోను యంత్రానికి ఆనించి పట్టుకుంది నెలిదా, పాపం, నిజంగానే.
దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు.
పాస్‌వర్డు అడిగితే
ఎద్దు పేరన్నాడు. ఏ ఎద్దో గుర్తులేదన్నాడు.
గుర్తొచ్చినా, తిప్పడానికి ఆ తాళం ఉన్న తలుపు ఇక్కడ లేదు.

కిటికీ అవతల ఒతీలియా ఇంటి కింద
అప్పుడే దుంగలు పేరుస్తున్నారు కుర్రాళ్ళు.
ఇల్లు లాగితే మేకులూ వస్తాయి, మసీ వస్తుంది,
పాత గడియ పాత చేతినే తలుచుకుంటూ మిట్టెక్కుతుంది.
మనం ఈ డిస్కుని అలాగే లాక్కొచ్చాం, దోన్యా.
అదే కొలతలకి ఇంకోటి కట్టామనుకో,
తాళంచెవి కట్టినవాళ్ళది.

లాగలేదు ఈసారి. నకలు తీశాను,
ఆమె పేరున్న సంచిలోకి.
యజమాని: నెలిదా కార్కమో.
పుట్టిన సమయం: ఈ మధ్యాహ్నం మూడుంబావు.
కళ్ళజోడు పైకెత్తి ఆ వరుస చాలాసేపు చూసింది.
"పదకొండేళ్ళదే ఇది" అంది.
"పాతది చెరపకు. ఉండనీ, రాయనివ్వకపోయినా."
ఉంచాను.

ఒక్కో వేలితో, అక్షరం వెతుక్కుంటూ,
తాళ్ళ వరుసలో మాన్సియ్యా అన్నదమ్ముల్ని చేర్చింది.
కింద ఎప్పుడూ లేని వరుస ఒకటి తెరిచి
కొట్టింది: కేకలు వేయడానికి, ఎలెవ్తేరియో.
"ఎద్దులకి కళ్ళతో పనేముంది?
అదిలించే గొంతుంటే చాలు."

భద్రపరచు నొక్కింది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
యంత్రం ఏమీ అనలేదు.
ఏమీ అనకపోవడమే అవునని
ఆమెకి చెప్పాల్సొచ్చింది.