గొట్టం వెనుక టోపీలు

ఉదయం ఏడున్నర. కిటికీ అవతల ఇంకా రాత్రే.
యాకుత్స్క్ మీద పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే
ఎదురింట్లో దీపం వెలుగుతోందని
నమ్మకం మీద ఒప్పుకోవాలి.
సున్నాకి కింద నలభై ఏడు, అంది రేడియో.
చిన్న తరగతులకు సెలవు.
మా క్యున్నెయ్‌ది తొమ్మిదో తరగతి.
దానికి బడి ఉంది,
జుట్టు ఉంది.

ఆ జుట్టుతోనే వచ్చింది గొడవంతా.
వేడి పటకారుతో అరగంట ఇస్త్రీ చేసింది,
పాయపాయకీ ఊపిరి బిగబట్టి.
నేను నక్కబొచ్చు టోపీ చేతికిచ్చాను.
చచ్చిన జంతువుని చూసినట్టు చూసింది.
నిజానికి అది చచ్చిన జంతువే,
ఆ మాట నేననలేదు.

"ఇది పెడితే తల గుండ్రాయిలా ఉంటుంది."
"పెట్టకపోతే చెవులు రాలతాయి."
"ఎవరివి రాలాయి? ఒక్కరి పేరు చెప్పు."
చెప్పలేకపోయాను.
మా మేనమామ గావ్రిల్ చెవి అంచు నల్లబడింది గానీ
రాలలేదు.
అబద్ధమాడే ఓపిక నాకు
కాఫీ తాగాకే వస్తుంది.

పెద్దల మాట చద్దిమూటే కావచ్చు.
ఈ ఊళ్ళో వీధిలోకొచ్చి ముడి విప్పేలోగా
మెతుకులన్నీ గులకరాళ్ళు.

"నీ కాలంలో వేరు" అంది.
నా కాలంలో చలి వేరేలా ఉండేదా?
అమ్మ కుట్టిన రెయిన్‌డీర్ తోలు బూట్లలో కాళ్ళు దూర్చి,
టోపీ నెత్తిన పడేసుకుని,
తలుపు దబాలున వేసి పోయింది.
గెలిచాననుకున్నాను.
బల్ల మీద చేతితొడుగులు మర్చిపోయింది.

అవి పట్టుకుని మెట్లు దిగాను, నాలుగు అంతస్తులు.
కింద వాకిలి పక్కన వేడినీటి గొట్టం,
దాని వెనుక చిన్న సందు.
అందులో నక్క.
నా నక్కే, తోక మడుచుకుని పడుకుంది.
పక్కన మూడో అంతస్తు ఎర్చిమ్ టోపీ,
వాళ్ళ నాన్న వేటాడి తెచ్చిన బొచ్చుది.
దాని మీద నారియా తెల్ల ఉన్ని టోపీ,
ముచ్చటగా మడతపెట్టి.
అన్నిటికీ అడుగున
ఒక మగవాడిది, పెద్దది,
లోపల పట్టీ మీద ఎర్రదారంతో కుట్టిన పేరు:
అఫనాసీ.
అయిదో అంతస్తు లెక్కల మాస్టారు!
నలభై రెండేళ్ళు. అమ్మతో ఉంటాడు.

నవ్వొచ్చింది. కోపం కూడా వచ్చింది,
ఏది ముందో చెప్పలేను.
టోపీలు ముట్టుకోలేదు.

బస్సు కోసం నిలబడి
ఎవరూ చూడట్లేదని రూఢి చేసుకుని
నా టోపీ తీశాను.
ఇరవై దాకా లెక్కపెడదామని.
అయిదుకి చెవులు మండాయి.
తొమ్మిదికి అవి నావి కావు.
పదకొండుకి పెట్టేసుకున్నాను.
దాని బడి ఏడు వందల అడుగులు.
ఏడు వందలు లెక్కపెడుతూ నడుస్తుందా,
జుట్టు గురించే ఆలోచిస్తూ నడుస్తుందా?

సాయంత్రం చేపల పులుసు దగ్గరుండగా వచ్చింది,
టోపీ నెత్తిన, బుద్ధిగా.
చెవులు బీట్‌రూట్ ముక్కలు.
"వెచ్చగా ఉందా?"
"చాలా."
చేతికిచ్చింది. ముట్టుకుని చూశాను.
వెచ్చగానే ఉంది మరి,
రోజంతా గొట్టం పక్కన కాగింది.
అబద్ధమని ఎలా అనను?

ఆ రాత్రి బాతుకొవ్వు చిన్న డబ్బా ఒకటి
టోపీల సందులో పెట్టి వచ్చాను.
చీటీ రాయలేదు.
రాస్తే అది మళ్ళీ అమ్మ మాటవుతుంది.

మర్నాడు గొడవ మామూలే,
మాటలు కూడా అవే,
నా వైపు నుంచి కాస్త తక్కువ గొంతుతో.

శుక్రవారానికి డబ్బా సగమైంది.
కొవ్వు మీద వేళ్ళ జాడలు,
మూడు సన్నవి,
ఒకటి బాగా పెద్దది.