అనసూయ డబ్బా

రాత్రి పన్నెండు దాటి పది నిమిషాలు.
స్విచ్ మీద బొటనవేలు పెట్టి నొక్కిన.
ఠక్కుమన్నది. అంతే.
ఎర్ర లైటు రాలే.

పగలంతా వారాసిగూడ గల్లీలల్ల మీటర్లు చదువుత నేను.
మెట్ల కింద, చెప్పుల స్టాండు వెనక,
కట్టేసిన కుక్కకు జానెడు ఎడంగ
వంగి వంగి, ఎవరింట్ల ఎన్ని యూనిట్లు కాలినయో రాసుకొస్త.
నా ఒళ్లో ఉన్న తొమ్మిది వోల్టుల ఇంటికే
కరెంటు లేదు.

ఇల్లంటే స్టీలు టిఫిన్ డబ్బా.
జుమ్మెరాత్ బజార్ల నలభై రూపాయలకు దొరికింది.
మూత మీద చుక్కలు చుక్కలుగ చెక్కిన పేరు:
బి. అనసూయ, 12-6-94.
ఎవరో తెల్వదు. ఏ పెండ్లిల ఎవరు పంచిన్రో.
గిటారు గొంతు బొంగురు చేసే సర్క్యూటు
ఇప్పుడు ఆమె అన్నం తిన్న జాగల ఉన్నది.
కాక తగిలినప్పుడల్లా ముప్పై ఏండ్ల కిందటి ఆవకాయ లేచి
టంకం పొగల కలుస్తది.

మీటరు తీసిన. ఇది ఆఫీసుది కాదు, నా సొంతం.
బ్యాటరీ తొమ్మిది పాయింట్ రెండు.
నమ్మకం చాలక నాలిక మీద పెట్టుకున్న.
పచ్చి మామిడి జీడి లెక్క చురుక్కుమన్నది.
డయోడు తిరగేసి పెట్టిన్నా? లేదు,
తెల్లగీత ఉండాల్సిన దిక్కే ఉన్నది.
ఎర్రవైరు తెగలే. నల్లవైరు తెగలే.
ఒక్క టంకం మాత్రం బూడిద రంగుల,
బలిమికి నిద్రలేపిన పిల్ల మొహం లెక్క.
మళ్ల కాల్చిన. మెరిసింది.
లైటు రాలే.

తీగ డబ్బా గోడకు తగుల్తుందేమోనని
పాత కాగితం మడిచి అడుగుకు పరిచిన.
పరిచినంక చూస్తే కరెంటు బిల్లు.
నాదే. కట్టలే.

రెండున్నరకు నల్లా వచ్చింది.
కింది పోర్షన్ల సరళక్క మోటరు వేసింది.
నా బల్బు ఒక్కసారి మసకబారి తేరుకున్నది.
గోడలల్ల, ట్యాంకులల్ల, పక్కింటి ఫ్రిజ్జుల
ఊరంతా కరెంటు పారుతున్న సప్పుడు.
ఈ గుప్పెడంత డబ్బాకు ఏమొచ్చింది?

శనివారం కోఠి. గుజరాతీ గల్లీ.
జహీరుద్దీన్ సాబ్‌ది దుకాణం కాదు,
రెండు షట్టర్ల నడుమ సందు.
మూత మీద పేరే ముందు చదివిండు.
"అనసూయ అంటే మీ అమ్మనా?"
"కాదు సాబ్, ఎవరో."
"మంచి స్టీలు," అన్నడు.

సర్క్యూటు దిక్కు చూడనే లేదు.
జాక్‌ను గోటితో కొట్టి దాని కాళ్లు లెక్కబెట్టిండు.
"మూడు. బ్యాటరీ నల్లవైరు మూడో కాలికి కట్టినవ్."
"కాగితంల అట్లనే ఉండె."
"సహీ కట్టినవ్ బేటీ.
గిటారు వైరు లోపలికి దూరితేనే
ఈ రెండు కాళ్లు ఒకటైతయి.
దూర్చినవా?"

నీళ్లు నమిలిన.
గిటారు నాలుగు రోజులుగ గోడకు ఆనిచ్చే ఉన్నది.
సంచి జిప్పు తియ్యలే.
ముందు లైటు వెలగాలె, తర్వాతే పాట
అనుకున్న. మీటర్లు చదివే బుద్ధి.

"వాయించేటోళ్లు లేనప్పుడు
ఎవరి కోసం కాలాలె ఇది?"
అనుకుంట మూత పెట్టిండు.
పైసలు వద్దన్నడు. వదిలిపెట్టలే గని,
ముప్పై రూపాయలకు ఒక నల్ల నాబ్ అంటగట్టిండు.

ఇల్లు. జిప్పు. వైరు.
క్లిక్ అని దూరింది, తలుపు గడియ లెక్క.
స్విచ్ నొక్కిన.
అనసూయ పేరు పక్కన
దానిమ్మ గింజంత ఎరుపు.

కాసేపు దాన్నే చూసుకుంట కూసున్న.
తర్వాత లావు తీగ మీటిన.

గిన్నెలు గడగడలాడినయి.
కింద మోటరు బంద్ అయ్యింది.
సరళక్క మెట్ల కాడికొచ్చి పైకి అరిచింది:
"ఏందే ఆ సప్పుడు, కరెంటు గిట్ల పోయిందా?"

"లేదక్కా," అన్న,
"వచ్చింది."