తడి తాడు

బల్ల మీద మొదట పెట్టింది పటం కాదు, తాడు.
ఎవ్‌లాంపీ నడుము నుంచి విప్పి తెచ్చిన జనపతాడు.
పన్నెండు ముడులు, ముడికీ ముడికీ మధ్య మూరెడు,
ఇంకా ఉప్పునీళ్ళు కారుతూ.
"రదూష్నీకి ఎడమ డొక్కలో ఇంత," అన్నాడు.
"అడ్డం కొలిచాను. నిలువు కుదరలేదు.
రేకు అంచులు లోపలికి ముడుచుకున్నాయి,
చెయ్యి పెట్టనివ్వలేదు."
అతని పెదాలు నీలంగా ఉన్నాయి.
ఎవరో టీ గ్లాసు అందించారు. తాగలేదు, పట్టుకున్నాడు.

రదూష్నీ అంటే మా భాషలో
అతిథిని ఆదరించేది.
మొన్న రాత్రి రెండు గంటలకు
సముద్రాన్నే లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.
నెప్రెక్లోన్నీ అంటే వంగనిది.
రేవు మొగలో, బురదను ఆనుకుని,
జీతం రోజున మెట్ల మీద కూలబడ్డ సార్జెంటులా
పన్నెండు డిగ్రీలు ఒరిగి ఉంది.

ఇక లెక్క నాది.
ఓడ కంటే డ్రై డాక్ ద్వారం తొమ్మిది అడుగులు ఇరుకు.
గీసి చూశాను, మళ్ళీ గీశాను,
పెన్సిల్ చెక్కుకుని మూడోసారీ గీశాను.
తొమ్మిది అడుగులు ఎక్కడికీ పోలేదు.
రాయి పగలగొట్టి వెడల్పు చేయాలంటే వేసవి దాటుతుంది,
శత్రువు అంతదాకా ఆగుతానని మాకు రాసివ్వలేదు.

ఓడ డాక్‌లోకి రాదు కనుక
డాకే ఓడ దగ్గరికి నడవాలి.
దుంగలతో ఒక పెట్టె. మూడు వైపులా గోడ,
నాలుగో గోడ ఓడ ఒళ్ళే.
జలగలా పట్టించి, తారు పూసి, కాన్వాస్ కుక్కి,
లోపలి నీళ్ళన్నీ తోడేస్తే
సముద్రం అడుగున ఒక గది మిగులుతుంది,
అందులో నిలబడి మనుషులు రివెట్లు కొట్టాలి.

కలప ఉంది. ఒక్క పెట్టెకు.

కెప్టెన్ షెబాలిన్ తన ఓడ గురించి మాట్లాడలేదు,
దాని ఫిరంగుల గురించి మాట్లాడాడు.
అవతలి కెప్టెన్ వేగం గురించి, పేరు గురించి,
రాజధాని నుంచి రాబోయే తంతి గురించి.
సమోవార్ రెండుసార్లు మరిగింది.
తాడును ఎవరో పటాల మీది నుంచి తీసి
పొయ్యి పక్కన కుర్చీకి వేలాడదీశారు.

మేస్త్రీ కొంద్రాతీ ఒక్కసారే నోరు విప్పాడు.
"అయ్యా, ఒకదాని తోలు వలిచి
రెండోదానికి కుట్టొచ్చు.
రేకులు ఒకే మిల్లువి."
అందరి మనసులోనూ ఉన్న మాటే.
అది చేతులకు తారంటిన మనిషి నోట రావడమే
వాళ్ళకు గిట్టలేదు.

"వంగనిదాన్ని వలిస్తే," అని ఎవ్‌లాంపీ మొదలుపెట్టి
టీ గ్లాసులోకి చూశాడు.
"మూడో బాయిలర్ గది అలాగే ఉండిపోతుంది."
తలుపు ఇవతలి నుంచి బిగించారు ఆ రాత్రి,
బిగించకపోతే ఓడే ఉండేది కాదు.
అవతల తొమ్మిదిమంది.
"ఇవాళ వెళ్ళి తట్టి చూశాను," అన్నాడు. "ఊరికే."

నా పట్టికలో రోజులకు గడి ఉంది,
దుంగలకు, రివెట్లకు, కూలీల రొట్టెకు కూడా ఉంది.
ఇంకో గీత గీయడానికి స్కేలు తీసి
మళ్ళీ పెట్టేశాను.

సంతకాలు రాత్రి తొమ్మిదికి అయ్యాయి.
పెట్టె రదూష్నీకి.
నెప్రెక్లోన్నీ తన రేకులూ పంపులూ ఇస్తుంది,
ఫిరంగులు కొండెక్కుతాయి.
షెబాలిన్ తన పేరులో చివరి అక్షరం రాయడం మరిచిపోయాడు.
ఎవరూ గుర్తు చేయలేదు.

నేను తాడు తీసుకుని బల్ల మీద పరిచి కొలిచాను.
సాయంత్రం రాసుకున్నదాని కంటే జానెడు పెరిగింది.
"కొంద్రాతీ," అన్నాను, "కన్నం పెద్దదైంది."
అతను నవ్వలేదు.
"తాడు ఎండిందయ్యా. తడిస్తే బిగుస్తుంది, ఎండితే సాగుతుంది.
మీరంతా చాలాసేపు మాట్లాడారు."

దాన్ని చుట్టి, గుమ్మం పక్కన బాల్చీలో ముంచి,
నీళ్ళు పిండకుండానే భుజాన వేసుకుని
కలప షెడ్డు వైపు నడిచాడు.
వెనక మంచు మీద చుక్కలు, చుక్కలు.
కాసేపటికి లాంతరు వెలిగింది.
తర్వాత రంపం.