రాయి పెట్టి పోయినోళ్లు

పట్నమంతా బొమ్మలు పెడుతున్నరు గదా,
ఫ్లైఓవరు కింద నెమళ్లు, నాలా గోడ మీద పువ్వులు.
మా సెక్షనుకు అడ్డగుట్ట వచ్చింది.
కాగితంల "ప్రజల భాగస్వామ్యంతో" అని రెండుసార్లు ఉన్నది.
నేను వర్క్ ఇన్‌స్పెక్టర్ని. టేపు నాది, కొలతల పుస్తకం నాది.
సిమెంటు, కంకర, సలాక, ఎంత పోస్తే అంతే రాస్త.

మాసబ్‌ట్యాంకు కాలేజీ నుంచి ఉజ్మా అనే పిల్ల వచ్చింది.
చాయ్ తాగుకుంట బస్తీవాళ్లను అడిగింది,
"మీకేం బొమ్మ కావాలె?"
ఒకాయన గడియారమన్నడు.
కార్పొరేటరు మనిషి బస్తీ పేరు ఎర్రక్షరాలతోని లేపుదామన్నడు,
పక్కన ఒక గుండెకాయ, జనం సెల్ఫీలు దిగుతరట.
గౌసియాబీ నవ్వింది:
"బొమ్మెందుకు బిడ్డా, నల్లా పెట్టు."

అది మా డిపార్టుమెంటు కాదన్న. జలమండలి వేరే.

పిల్ల ఆ మాటను చున్నీ కొసకు ముడేసుకున్నది.
ట్యాంకరు ఆగే మలుపు కాడ మూడు తెల్లార్లు కూసున్నది.
నాలుగున్నరకు అక్కడ మనుషులుండరు,
మనుషుల జాగల సామాన్లుంటయి:
సగం ఇటుక, తెగిన చెప్పు, మూత లేని నూనె డబ్బ,
అడుగు పోయిన బకీటు,
ఎవరో పిల్లగాని మూడు చక్రాల బండి, రెండే చక్రాలతోని.
ఏ రాయి ఎవరిదో బస్తీకంత ఎరుక.
ఆమె ఇండ్లల్ల పనికి ఉరికినా
ఆమె రాయి నిలబడ్తది, మాట మీద నిలబడ్తది.

"ఇవి నాకిస్తరా?"
"ఇస్తే మేమేం పెట్టాలె?"
వారం రోజులు పంచాయితి.
ఆఖరుకు అచ్చు తీసుకొని వాపసిస్తనన్నది.
ఆడోళ్లు తలా ఇంత ప్లాస్టరు కలిపిన్రు,
పెనం మీది రొట్టెను చూసినట్టు
వేలితోని ఒత్తి చూసిన్రు, గట్టిపడ్డదా లేదా అని.
బాలానగర్ల కంచు పోసిన్రు.
చెప్పు తెగిన కాడ తెగినట్టే దిగింది.
దొంగలెత్తుకపోతరన్న నేను.
"వరుసల పెట్టింది మా దగ్గర ఎవరూ ముట్టరు సార్,"
అన్నది రాజమణి.

బుగ్గమ్మ రాయి వాపసు తీసుకోనీకి మాత్రం ఎవరూ రాలే.
అచ్చు ఆరుతుండంగనే ఆమె గాంధీ దవాఖానల పోయింది.
నిండు బిందె దించి
"కాళ్లు గుంజుతున్నయే" అని మెట్టు మీద కూసున్నదట.
ఎవరికియ్యాల్నో తెల్వక
ఉజ్మా ఆ రాయిని నా టేబులు మీద పెట్టిపోయింది.
ఇప్పుడు ఫ్యాను ఎంత తిరిగినా
నా కాగితాలు ఎగురుతలేవు.

మలుపు కాడ నేల మీదనే పెట్టినం, దిమ్మె కట్టలే.
ఇరవై మూడు, ఒకదాని ఎనుక ఒకటి,
ముందు బుగ్గమ్మది, ఎప్పటి లెక్కనే.
ప్రారంభానికి పెద్దసారు రాలే.
వచ్చినోళ్లు బొమ్మేదని దేవులాడిన్రు,
ఒకాయన నూనె డబ్బ మీద కాలు పెట్టి
ఫోన్ల మాట్లాడిండు.

తెల్లారి ట్యాంకరు రోజు.
ఆడోళ్లు తమ రాళ్లు తెచ్చి
కంచు లైను ఎనుక పెట్టుకున్నరు.
ఎవరూ చెప్పలే.
కొత్తగ కిరాయికి దిగిన పిల్ల
బిందె తీసుకొని ముందటికి పోతే
రాజమణి గయ్యిమన్నది:
"కండ్లు కనవడ్తలేవా? ముందు బుగ్గమ్మ ఉన్నది!"

ఆర్నెల్లకు ఆడిటోళ్లు అడిగిన్రు.
పుస్తకంల పొడుగు పదకొండు మీటర్లు,
ఫొటోల ఇంకా ఎక్కువ కనవడ్తున్నది,
ఏడి వరకు పని, ఏడి నుంచి జనం,
గీత గీసి చూపియ్యిమన్నరు.

టేపు పట్టుకొని పోయిన.
కొస పట్టుకోమంటే ఒక పిల్లగాడు
బుగ్గమ్మ రాయి కాడ కూసొని పట్టుకున్నడు.
నేను ఎనుకకు నడిచిన.
చెప్పు, బకీటు, బండి,
తర్వాత అసలు చెప్పు, అసలు బకీటు,
మట్టి అంటిన కొత్త ఇటుక, పెయింటు డబ్బ.
ముప్పై మీటర్లకు టేపయిపోయింది.
లైను మెట్లు దిగి, రేషన్ షాపు కాడ తిరిగి
ఇంకా ఉన్నది.
ట్యాంకరు రాలే.
మలుపు అవతల నుంచి పిల్లగాడు అరుస్తున్నడు:

"సార్, ఇడిసిపెట్టాల్నా?"