బాకీ లేదు

వాల్పరాయిసో కొండ మీద మా తాత ఎలెయుతేరియో
నలభై ఏళ్ళు పళ్ళు పీకాడు.
డబ్బున్నవాళ్ళు డబ్బిచ్చారు,
రేవులో పీతలు పట్టేవాళ్ళు పీతలిచ్చారు.
బొమ్మలేసేవాళ్ళ దగ్గర బొమ్మలు కాక ఏముంటాయి?

అలా నిండాయి మా గోడలు.
ప్రతి పటం వెనకా పెన్సిలుతో ఒక పద్దు:
"కింది దవడ, ఎడమ, రెండు. బాకీ లేదు."
"జ్ఞానదంతం. అతనికన్నా నాకే ఎక్కువ చెమటలు పట్టాయి. బాకీ లేదు."
"కట్టుడు పళ్ళ సెట్టుకి ఈ తుఫాను.
ఇంకా నిమ్మకాయల పళ్ళెం ఒకటి రావాలి."

ఆ నిమ్మకాయలు రాలేదు.
వాటికోసం అమ్మమ్మ భోజనాల గదిలో
ఒక మేకు ఖాళీగా ఉంచింది.
ఎవరైనా టోపీ తగిలిస్తే ఊరుకునేది కాదు.

నాకు జ్వరం వస్తే
మంచం ఎదురుగా ఉన్న ఎర్ర రైలు కదిలేది.
అన్న బాల్తసార్‌కి వస్తే ఆగేదట.
ఆ ఒక్క రైలు గురించి
పదేళ్ళు దెబ్బలాడుకున్నాం.

పోయిన శీతాకాలం అమ్మ చిలోయే దీవులకి
ఎవరిదో పెళ్ళికి వెళ్ళింది.
తిరుగు పడవలో పక్కన ఒక పిల్ల,
మిల్లరాయ్, తొమ్మిదేళ్ళు,
చెంప రొట్టెలా పొంగి.
ఏడు గంటల ప్రయాణం, ఒక పంటి కోసం.
నొప్పిని పంటి బిగువున ఓర్చుకోవాలంటారు.
నొప్పి పంటిలోనే ఉంటే
ఏం బిగించాలి?

ఇంటికొచ్చి అమ్మ కోటైనా విప్పలేదు.
నిలబడే మొదటి పటం దించింది.
"ఇవి పళ్ళకి వచ్చినవి. పళ్ళకే పోనీ.
ఒక పడవ, అందులో ఒక కుర్చీ, ఒక డాక్టరు."
"మరి మా పిల్లలకి ఏం మిగులుతుంది?" అన్నాడు బాల్తసార్.
"పళ్ళు" అంది అమ్మ.

శాంటియాగోలో వేలం.
ఎవరి నవ్వులోనూ ఒక్క పన్ను లోటు లేదు.
వేలాన్ని పాట అని ఎందుకంటారో అక్కడ తెలిసింది:
ఒకరు ఎత్తుకుంటారు, ఇంకొకరు అందుకుంటారు,
శ్రుతి పెరుగుతుంది,
సుత్తి పడగానే గొంతులన్నీ ఒక్కసారి ఆరిపోతాయి.

పదకొండోది ఎర్ర రైలు.
చెయ్యెత్తనని అమ్మకి మాటిచ్చాను.
ఎత్తాను.
వెనక వరసలో ఎవరో పై పాట పాడారు.
నేను మళ్ళీ. వాళ్ళు మళ్ళీ.
నా దగ్గరున్నదంతా అయిపోయాక తిరిగి చూస్తే
స్తంభం చాటున బాల్తసార్,
చేతిలో నంబరు అట్ట, చెవులు ఎర్రగా.
అమ్మ ముందు వరసలోనే ఉంది, మెడ తిప్పలేదు.
నవ్వుతోందని భుజాలు చెప్పాయి.

రైలు మా ఇద్దరికీ దక్కలేదు.
టెలిఫోనులో ఎవరో, ఏ ఊరివాళ్ళో, తీసుకుపోయారు.
కానీ మేం ఒకరి మీద ఒకరం పాడిన పాట
ధరని ఒక కుర్చీ ఖరీదంత పెంచింది.
కమీషను పోయింది, పన్ను పోయింది.
పంటి కోసం పన్ను కట్టినవాళ్ళం మేమే అయ్యుంటాం.

తుఫానుని ఎవరూ కొనలేదు. అంత గోడ ఎవరికుంది?
పడవలో పెడదామా అంటే
సరంగు శిలువ గుర్తు వేసుకుని వెనక్కి జరిగాడు.
ఇప్పుడది భోజనాల గదిలో
గోడవైపు తిరిగి నిలబడింది,
రావలసిన నిమ్మకాయల పద్దు మాకు చూపిస్తూ.

మార్చిలో, పడవ మొదటిసారి తిరిగొచ్చినప్పుడు
అమ్మ ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చింది.
మిల్లరాయ్ నాన్న ఇచ్చాడట. ఈసారి ఇంకో పన్నట.
వద్దంటే వినలేదట.
ఊదారంగు దుంపలు, మట్టి ఇంకా తడిగా.
సంచికి కట్టిన కాగితం మీద పెన్సిలుతో, తాత రాతలాగే వంకరగా:
"పై దవడ, కుడి, ఒకటి. బాకీ లేదు."

ఆ రాత్రి దుంపలు ఉడికించాం.
బాల్తసార్ వచ్చి చుట్టూ చూశాడు.
ఇరవై మూడు మేకులు.
అమ్మమ్మ మేకుకి
టోపీ తగిలించబోయి, ఆగి,
ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.